విద్యార్థికి సారథి ఎవరు?

మహాభారత యుద్ధంలో ఇద్దరు సారథులు ప్రసిద్ధులు. ఒకరు అర్జునుని రథానికి పగ్గాలు పట్టిన శ్రీకృష్ణుడు. రెండవవాడు కర్ణుని రథానికి పగ్గాలు పట్టిన మద్రరాజు శల్యుడు. అశ్వవిద్యలో ఇద్దరూ ఆరితేరినవారే. శల్యుడు రథాన్ని తప్పుగా నడిపినవాడు కాడు. కాని రథం మీద ఉన్న వీరుణ్ణి అడుగడుగునా మాటలతో కృంగదీశాడు. అందుకు కారణం నైపుణ్యలోపం కాదు. కర్ణుని తేజస్సును తగ్గిస్తానని ఆయన ముందుగానే ధర్మరాజుకు మాట ఇచ్చి ఉన్నాడు. చేతిలో ఒకరి పగ్గాలు, మనస్సులో మరొకరికి ఇచ్చిన మాట! తెలుగువారు 'శల్యసారథ్యం' అనే నానుడిని ఊరకే కల్పించుకోలేదు.

శల్యుని కథలో అంతగా ప్రచారంలో లేని భాగం మరొకటి ఉన్నది. ఆయన మొదట పాండవుల పక్షాన పోరాడడానికే బయలుదేరాడు. దారి పొడవునా అందమైన విడుదులు, రుచికరమైన భోజనాలు, సకల మర్యాదలు ఎదురయ్యాయి. అవన్నీ ధర్మరాజు చేయించిన ఏర్పాట్లే అని భావించి సంతోషించాడు. ఆ ఆతిథ్యం దుర్యోధనునిదని చివరకు తెలిసింది. అప్పటికే వరం ఇవ్వడానికి సిద్ధపడి ఉన్నందువల్ల కౌరవపక్షాన చేరక తప్పలేదు. ఉచితంగా లభించిన విందుకు ఖర్చు ఎవరు పెట్టారని ముందుగా విచారించకపోవడమే ఆయన చేసిన పొరపాటు.

ఇంటర్మీడియట్ పూర్తి చేసిన విద్యార్థి నేడు ఇటువంటి దారిలోనే ప్రయాణిస్తున్నాడు. రెండేళ్లపాటు భౌతికశాస్త్ర సూత్రాలను, చరిత్ర పాఠాలను, గణిత సమస్యలను నేర్చుకొన్న ఆ బాలుడు లేదా బాలిక పరీక్షలు ముగిసిన వెంటనే ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని మరొక పరీక్షను ఎదుర్కోవలసి వస్తుంది. ఏ కోర్సులో చేరాలి? ఏ కళాశాలను ఎంచుకోవాలి? రుసుము ఎవరు చెల్లిస్తారు? ఉపకారవేతనం వస్తుందా? బ్యాంకు అప్పు ఇస్తుందా? ఈ ప్రశ్నలకు సమాధానం చెబుతామంటూ అనేకులు ముందుకు వస్తారు. ఇంటికి వచ్చి పలకరించే కళాశాల ప్రతినిధులు, పట్టణాల్లో బోర్డులు కట్టిన విద్యా సలహా సంస్థలు, విదేశీ విశ్వవిద్యాలయాల్లో సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలు, సహాయ కేంద్రాల్లో పనిచేసే ప్రభుత్వ అధ్యాపకులు అందరూ మార్గదర్శకులమనే చెబుతారు. వీరిలో శ్రీకృష్ణుడెవరు? శల్యుడెవరు? ఇది ఒక కుటుంబం భవిష్యత్తును నిర్ణయించగల ప్రశ్న.

ముందుగా ఒక సత్యాన్ని అంగీకరించాలి. మార్గదర్శకుడు అవసరం. 'సమాచారమంతా ఇంటర్నెట్‌లో ఉన్నది కదా, మధ్యలో మనిషి ఎందుకు?' అని కొందరు వాదిస్తారు. ఈ వాదం చదువుకొన్న తల్లిదండ్రులు గల ఇండ్లకు కొంతవరకు వర్తిస్తుంది. కాని ఆ వంశంలో మొదటిసారిగా కళాశాల గడప తొక్కుతున్న విద్యార్థికి సమాచారం వేరు, సలహా వేరు. నిఘంటువు ఇంట్లో ఉన్నంత మాత్రాన కావ్యం అర్థం కాదు. అర్థం చెప్పే గురువు కావాలి.

ఇంజనీరింగు ప్రవేశాలనే ఉదాహరణగా తీసుకొందాం. ఒకప్పుడు ఎంసెట్‌గా, నేడు ఈఏపీసెట్‌గా పిలువబడుతున్న ప్రవేశపరీక్షలో ర్యాంకు పొందిన అభ్యర్థి తనకు కావలసిన కళాశాలలను, శాఖలను వరుసక్రమంలో నమోదు చేయాలి. వీటినే వెబ్ ఆప్షన్లు అంటారు. సీట్ల కేటాయింపు సమయంలో అభ్యర్థి ర్యాంకును, రిజర్వేషన్ వర్గాన్ని బట్టి ఆ జాబితాను పై నుంచి కిందికి పరిశీలిస్తారు. అందుబాటులో ఉన్న మొదటి సీటు కేటాయించబడుతుంది. దాని కింద ఉన్నవాటిని ఇక చూడరు. కాబట్టి నిజంగా ఎక్కువ ఇష్టమైన కళాశాలను మొదట, తక్కువ ఇష్టమైన దానిని తరువాత వ్రాయడమే సరైన పద్ధతి. కాని 'ఇది తప్పక వస్తుంది' అనే ధైర్యం కోసం అనేకులు తక్కువ స్థాయి కళాశాలను పైన వ్రాస్తారు. అది వస్తుంది. అంతకంటె మంచిది కూడ వచ్చి ఉండేదని తరువాత తెలిసి బాధపడతారు. రెండేళ్ల శ్రమకు దక్కవలసిన ఫలితం వరుసక్రమం తెలియక చేజారుతుంది. మలి విడతలో కొత్త సీటు లభిస్తే పాత సీటు తనంతట తానే రద్దవుతుందని తెలియక నష్టపోయేవారూ ఉన్నారు.

ధ్రువపత్రాల సంగతి కూడ ఇటువంటిదే. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్థానికతను నిరూపించే విద్యాభ్యాస పత్రాలు, బదిలీ పత్రం మొదలైనవాటిలో ఏ ఒక్కటి సమయానికి లేకపోయినా హక్కు హక్కుగానే ఉంటుంది, అనుభవంలోకి మాత్రం రాదు. 2019లో జరిగిన 103వ రాజ్యాంగ సవరణ వల్ల ఆర్థికంగా వెనుకబడిన ఇతర వర్గాలకు 10 శాతం వరకు రిజర్వేషను కల్పించడానికి వీలు కలిగింది. ఆ వర్గానికి చెందినప్పటికీ తహసీల్దారు ఇచ్చే పత్రం చేతిలో లేకపోతే ఆ అవకాశం కాగితానికే పరిమితమవుతుంది. పేదవాని విషయంలో చట్టం ఇచ్చే మేలుకు, ఆ మేలు అందడానికి మధ్య దూరం ఎప్పుడూ ఉంటుంది. ఆ దూరాన్ని తగ్గించేవాడే నిజమైన మార్గదర్శకుడు.

ఆర్థిక సహాయం ప్రవేశం కంటె జటిలమైనది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 ప్రాంతంలో విస్తరించిన బోధనా రుసుముల చెల్లింపు పథకం వేలాది పేద కుటుంబాల పిల్లలను వృత్తివిద్యా కళాశాలలకు చేర్చింది. రాష్ట్ర విభజన తరువాత రెండు రాష్ట్రాల్లోనూ ఆ పథకం వేర్వేరు పేర్లతో, నిబంధనలతో కొనసాగుతూ వచ్చింది. అయితే ఆ మేలు పొందడానికి సీటు ఏ విధంగా వచ్చిందన్నది ముఖ్యం. ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలల్లో 70 శాతం సీట్లను కన్వీనర్ కోటాలోను, 30 శాతం సీట్లను యాజమాన్య కోటాలోను భర్తీ చేస్తారు. కన్వీనర్ ద్వారా సీటు పొందిన అర్హులకే బోధనా రుసుము చెల్లింపు వర్తిస్తుంది. యాజమాన్య కోటాలో చేరినవారికి వర్తించదు.

ఈ ఒక్క నిబంధన తెలియని కుటుంబాన్ని ఊహించుదాం. ఒక వ్యవసాయకూలీ కుమార్తెకు ఓ మోస్తరు ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగు మొదలు కాకముందే ఒక మధ్యవర్తి వారి ఇంటికి వచ్చాడు. 'అమ్మా, తరువాత సీట్లు దొరకవు. ఇప్పుడే చేరితే రుసుములో తగ్గింపు ఇప్పిస్తాను' అని తల్లిని ఒప్పించాడు. బంగారం కుదువబెట్టి యాజమాన్య కోటా సీటు కొన్నారు. తీరా చూస్తే అదే కళాశాలలో అంతకంటె తక్కువ ర్యాంకు వచ్చిన విద్యార్థి కన్వీనర్ కోటాలో చేరి ప్రభుత్వ సహాయంతో చదువుకొంటున్నాడు. మధ్యవర్తి అబద్ధమేమీ చెప్పలేదు. రుసుములో తగ్గింపు నిజంగానే ఇప్పించాడు. చెప్పవలసిన ఒక్క మాటను మాత్రం చెప్పలేదు. ఆ మాట చెబితే కళాశాల నుంచి అతనికి రావలసిన కమీషను రాదు.

ఇక్కడే అసలు విషయం బయటపడుతుంది. సలహాదారుని జ్ఞానం కంటె, మర్యాద కంటె, మాటకారితనం కంటె ముందుగా విచారించవలసినది అతని పోషకుడు ఎవరన్నది. సలహా వినే కుటుంబం నుంచి ప్రతిఫలం పొందేవాడు ఆ కుటుంబానికి జవాబుదారి. ప్రభుత్వం నుంచి జీతం పొందేవాడు ప్రజలకు జవాబుదారి. చేర్చిన విద్యార్థుల సంఖ్యను బట్టి కళాశాల నుంచి సొమ్ము పొందేవాడు కళాశాలకు జవాబుదారి. అతడు వ్యక్తిగతంగా సజ్జనుడే కావచ్చు. కాని సజ్జనత్వం ఒకవైపు, సంపాదన మరొకవైపు లాగుతున్నప్పుడు ప్రతిసారీ సజ్జనత్వమే గెలుస్తుందని నమ్మి పిల్లల జీవితాలను పణంగా పెట్టడం వివేకం కాదు.

విదేశీ విద్య విషయంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమైనది. 1992లో అమెరికా తన ఉన్నతవిద్యా చట్టాన్ని సవరించింది. ప్రభుత్వ విద్యార్థి సహాయ నిధులు పొందే కళాశాలలు, విద్యార్థులను చేర్పించినందుకు ఎవరికీ తలకు ఇంత అని కమీషను చెల్లించరాదని నిషేధించింది. తమ పిల్లలను కమీషనుకు పనిచేసేవారి చేతుల్లో పెట్టడం ప్రమాదకరమని ఆ దేశం గ్రహించింది. అయితే అదే చట్టం ఇతర దేశాల్లో నివసించే విదేశీ విద్యార్థులను చేర్పించే విషయంలో మినహాయింపు ఇచ్చింది. అంటే అక్కడి విద్యార్థికి ఉన్న రక్షణ హైదరాబాదులోనో, విజయవాడలోనో ఉన్న విద్యార్థికి లేదు. తన రక్షణను తానే చూసుకోవాలి.

ఆ రక్షణ లేకపోతే ఏమి జరుగుతుందో తెలుగువారు రెండుసార్లు చూశారు. 2011 జనవరిలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయాన్ని అమెరికా అధికారులు మూసివేశారు. అందులోని విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్‌కు చెందినవారు. కొందరి కాళ్లకు రేడియో పరికరాలు బిగించిన దృశ్యాలు ఇక్కడి తల్లిదండ్రులను కలచివేశాయి. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం వెలుగుచూసింది. అది వీసా అక్రమాలను పట్టుకోవడానికి అమెరికా ప్రభుత్వమే నెలకొల్పిన ఉత్తుత్తి విద్యాసంస్థ. అందులో విద్యార్థులను చేర్పించి సొమ్ము చేసుకొన్నారంటూ ఎనిమిది మందిపై నేరారోపణ జరిగింది. వారిలో తెలుగువారు ఉన్నారు. నిర్బంధానికి గురైన వందమందికి పైగా విద్యార్థుల్లో దాదాపు అందరూ భారతీయులే. వారిలో తరగతులు జరగవని తెలిసి చేరినవారూ ఉండవచ్చు. వారి బాధ్యతను కాదనలేము. కాని సాటి తెలుగువాడని నమ్మి వెంట నడిచినవారిని సొమ్ము కోసం ఆ స్థితికి చేర్చినవారి బాధ్యత అంతకంటె గొప్పది.

ఇంతమాత్రం చేత కుటుంబం నుంచి రుసుము తీసుకొనే సలహాదారులందరూ పవిత్రులని భావించరాదు. 2019 మార్చిలో అమెరికాలోనే వెల్లడైన కుంభకోణం ఇందుకు నిదర్శనం. రిక్ సింగర్ అనే ప్రవేశ సలహాదారుడు సంపన్న తల్లిదండ్రుల నుంచి భారీ మొత్తాలు తీసుకొని, క్రీడాశిక్షకులకు లంచాలిచ్చి, ప్రవేశపరీక్షల మార్కులను తారుమారు చేయించి, వారి పిల్లలకు పేరుపొందిన విశ్వవిద్యాలయాల్లో సీట్లు ఇప్పించాడు. 2023లో అతనికి మూడున్నరేళ్ల కారాగార శిక్ష పడింది. అక్కడ పోషకుడు కుటుంబమే. కాని ఆ కుటుంబాలు కోరినది సలహా కాదు, దొడ్డిదారి. కనుక సలహాదారుని పోషకుడెవరో తెలుసుకోవడంతోపాటు తాము అతనిని కోరుతున్నది ఏమిటో కూడ ప్రతి కుటుంబమూ తనను తాను ప్రశ్నించుకోవాలి. అక్రమాన్ని కోరినవారికి ధర్మాత్ముడైన సారథి దొరకడు.

అయితే ఉత్తమ మార్గదర్శకుని లక్షణాలు ఏవి? మొదటిది, సత్యం చెప్పే ధైర్యం. మహాభారతంలో విదురుడు ధృతరాష్ట్రునికి నచ్చే మాటలు చెప్పలేదు, మేలు చేసే మాటలు చెప్పాడు. 'ఈ కోర్సు నీ అభిరుచికి తగినది కాదు' అని, 'ఈ రుసుము మీ కుటుంబం భరించగలిగినది కాదు' అని చెప్పగలగాలి. రెండవది, మొత్తం లెక్క చూపడం. ఒక కళాశాల వార్షిక రుసుము లక్ష రూపాయలు, ప్రభుత్వం చెల్లించేది 35,000 రూపాయలు అనుకొంటే మిగిలిన 65,000 రూపాయలు కుటుంబం మీద పడుతుంది. నాలుగేళ్లకు అది 2,60,000 రూపాయలు. వసతిగృహం, పుస్తకాలు, ప్రయాణాలు దీనికి అదనం. ప్రభుత్వ సొమ్ము విడుదల ఆలస్యమైనప్పుడు ముందుగా చెల్లించాలని కొన్ని కళాశాలలు ఒత్తిడి చేస్తాయి. ఇవన్నీ చేరకముందే కాగితం మీద కనిపించాలి.

మూడవది, అప్పును అప్పుగానే చూపించడం. బ్యాంకుల విద్యారుణ పథకం కింద నాలుగు లక్షల రూపాయల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అడగరు. 2015 నుంచి అమలులో ఉన్న పూచీ పథకం వల్ల ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా రుణం పొందే వీలు కలిగింది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం ఎంపికచేసిన ఉన్నత ప్రమాణాలు గల సంస్థల్లో చేరినవారికి తాకట్టు, హామీదారు లేకుండా రుణం లభించేటట్లు చేసింది. కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి, ఇతర ప్రభుత్వ సహాయం పొందనివారికి పది లక్షల రూపాయల రుణం వరకు చదువుకొనే కాలంలో వడ్డీలో మూడు శాతం రాయితీ కల్పించింది. ఇవి మంచి పథకాలే. కాని రాయితీ వర్తించని రుణంపై చదువుకొనే కాలంలో కూడ వడ్డీ పెరుగుతూనే ఉంటుందని, ఉద్యోగం రాకపోయినా బాకీ బాకీయేనని చెప్పనివాడు సలహాదారుడు కాడు, అమ్మకందారుడు.

నాల్గవది, విద్యార్థి స్వేచ్ఛను గౌరవించడం. ఆప్షన్ల నమోదుకు సంబంధించిన పాస్‌వర్డును, ఫోనుకు వచ్చే రహస్య సంఖ్యను ఇతరులకు చెప్పవద్దని అధికారిక సూచనలు హెచ్చరిస్తాయి. 'మీ అసలు ధ్రువపత్రాలు నా దగ్గర ఉంచండి, మీ తరఫున నేనే పూర్తి చేస్తాను' అనే వ్యక్తి పగ్గాలనే కాదు, రథాన్నే తీసుకొంటున్నాడు. అసలు ధ్రువపత్రాలను విద్యాసంస్థలు సైతం తమవద్ద అట్టిపెట్టుకోరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో ప్రకటించింది. సంస్థకే లేని హక్కు మధ్యవర్తికి ఎక్కడిది?

ఈ నాలుగు లక్షణాలు గలవారు సమాజంలో లేకపోలేదు. ప్రవేశాల కాలంలో ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, డిగ్రీ కళాశాలల్లో ఏర్పడే సహాయ కేంద్రాల్లో పొద్దస్తమానం ధ్రువపత్రాలు పరిశీలిస్తూ, వచ్చినవారి సందేహాలు తీర్చే అధ్యాపకులు ఉన్నారు. తమ పూర్వవిద్యార్థుల ఫోనులకు వేసవి సెలవుల్లో కూడ విసుగులేకుండా సమాధానం చెప్పే ఉపన్యాసకులు ఉన్నారు. నిజాయితీగా రుసుము తీసుకొని, నిజాయితీగా సలహా చెప్పే వృత్తినిపుణులూ ఉన్నారు. కాని కొందరి మంచితనం మీద ఆధారపడిన ఏర్పాటు వ్యవస్థ అనిపించుకోదు. అదృష్టం కొద్దీ మంచి ఉపన్యాసకుడు ఉన్న ఊరి విద్యార్థి గట్టెక్కడం, లేని ఊరి విద్యార్థి మునిగిపోవడం న్యాయం కాదు.

కాబట్టి ప్రతి ప్రభుత్వ జూనియర్ కళాశాలలోను శిక్షణ పొందిన ఒక ప్రవేశ మార్గదర్శి ఉండాలి. గ్రంథాలయానికి గ్రంథపాలకుడు, క్రీడలకు వ్యాయామ అధ్యాపకుడు ఎంత అవసరమో ఈ మార్గదర్శి అంత అవసరం. అమెరికాలో 250 మంది విద్యార్థులకు ఒక సలహాదారుడు ఉండాలని అక్కడి పాఠశాల సలహాదారుల సంఘం సిఫారసు చేస్తున్నది. అంత సంఖ్య వెంటనే సాధ్యం కాకపోవచ్చు. కళాశాలకు ఒక్కరు ఉన్నా మార్పు కనిపిస్తుంది. మొదటి సంవత్సరంలోనే ప్రతి విద్యార్థికి ఏ ధ్రువపత్రం లేదో గుర్తించి తెప్పించడం, రెండవ సంవత్సరం చివర తల్లిదండ్రులను కూర్చోబెట్టి నాలుగేళ్ల ఖర్చు లెక్క వ్రాయించడం ఆయన విధులు కావాలి.

ఇది అధ్యాపకుల మీద అదనపు భారం కదా అని కొందరు ఆక్షేపించవచ్చు. నిజమే. అందుకే దానిని దయాధర్మంగా గాక, వేతనం, శిక్షణ, సమయం కేటాయించిన ఉద్యోగంగా గుర్తించాలి. ప్రభుత్వం లక్షలాది విద్యార్థుల రుసుములకు ఖర్చు చేస్తున్న సొమ్ముతో పోల్చితే ఆ సొమ్ము అర్హులకు చేరేటట్లు చూసే ఉద్యోగి జీతం చాల స్వల్పం. ఇక ప్రైవేటు సలహా సంస్థలను నిషేధించవలసిన పని లేదు. ఏ కళాశాల నుంచి ఎంత కమీషను పొందుతున్నారో కుటుంబానికి ముందుగా వ్రాతపూర్వకంగా తెలపాలనే ఒక్క నిబంధన చాలు. వెలుగు పడిన చోట మోసానికి తావు తక్కువ.

ఆ వ్యవస్థ ఏర్పడేవరకు విద్యార్థులు చేతులు ముడుచుకొని కూర్చోనవసరం లేదు. ఎవరు సలహా చెప్పినా వినయంగా వినాలి. విన్న తరువాత, 'అయ్యా, ఈ పనికి మీకు సొమ్ము ఎవరు ఇస్తారు?' అని అంతే వినయంగా అడగాలి. పెద్దలను ఇటువంటి ప్రశ్న అడగడం అమర్యాద అని సంకోచించనవసరం లేదు. నిజాయితీపరుడు ఆ ప్రశ్నకు నొచ్చుకోడు. నొచ్చుకొన్నవాని సలహా అవసరం లేదు. ఆ తరువాత అతడు చెప్పినదానిని అధికారిక ప్రకటనతోనో, కళాశాల ఉపన్యాసకునితోనో సరిచూసుకోవాలి. ఏ సంతకమైనా ఒక రాత్రి ఆలోచించిన మీదటే చేయాలి.

దారిలోని విడుదుల్లో శల్యుడు ఆ ప్రశ్నను ముందుగానే అడిగి ఉంటే ఆయన తాను బయలుదేరిన చోటికే చేరేవాడు. మహారాజైన ఆయన అడగలేకపోయాడు. పదిహేడేళ్ల విద్యార్థి అడగగలిగితే తన రథం పగ్గాలు ఎవరి చేతిలో ఉన్నాయో తెలుసుకోగలుగుతాడు.